మూడో ప్రకటన

2007 జూలై 8, ఆదివారం

ఇది 2004 డైరీ. పరవాడ కంపెనీలో ఉన్న ఆరు నెలల్లో వాళ్ళు నాకిచ్చిన మంచి వస్తువు ఇదొక్కటే. పేజీ మీద గురువారం అని అచ్చు వేసి ఉంటే కొట్టేసి ఆదివారం అని రాశాను. మూడేళ్ళు ఖాళీగా పడున్న పుస్తకం ఇవాళ తీశానంటే, ఎవరితోనూ చెప్పుకోలేని సంగతి కాబట్టి.

చర్చిలో దీనా పేరు చదివారు.

కానుకలు పట్టడం అయ్యాక పాస్టరు అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని కాగితం తీశారు. "పరవాడ వాస్తవ్యుడు సురేష్ బాబుకును, మన సంఘ పెద్ద వరదానం గారి కుమార్తె దీనాకును వివాహము నిశ్చయింపబడినది. ఇది మొదటి ప్రకటన. ఎవరికైనను అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను." అని చదివి, ఎప్పటిలాగే కాసేపు ఆగారు. చిన్నప్పటి నుంచి ఎన్నో పెళ్ళి ప్రకటనలు విన్నాను. ఆయన ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు దగ్గుతారు, ఆయన కాగితం మడిచేస్తారు, అంతే. ఇవాళ ఎవరూ దగ్గలేదు.

నేను మగవాళ్ళ వైపు నాలుగో బెంచీలో కూర్చుని చొక్కా బొత్తాం తిప్పుతున్నాను. అది ఊడి చేతిలోకి వచ్చింది. ఆడవాళ్ళ వైపు దీనా తల తిప్పలేదు. తిప్పి ఉంటే లేచేవాణ్ణేమో.

పర్లేదు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చదువుతారు. ఇంకా రెండున్నాయి.

జూలై 9, సోమవారం, పొద్దున్న

అమ్మ నిన్నటి చొక్కాకి బొత్తాం కుట్టి, నీలం చొక్కా ఇస్త్రీ చేస్తోంది. జేబు మీద కంపెనీ పేరున్న చొక్కా. ఆ కంపెనీ నన్ను తీసేసి మూడేళ్ళు. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. వైజాగ్ హోటల్లో గ్లాసులు కలిపే పని రెండేళ్ళు నేర్చుకున్నాను కదా అని ఈ ఊళ్ళోనే పరదేశి గారి బార్లో చేరాను. అదీ చెప్పలేదు. రోజూ నీలం చొక్కా తొడుక్కుని సెకండ్ షిఫ్టుకని బయల్దేరతాను. బార్ వెనక మెట్లెక్కి, స్టోర్ రూములో ఉల్లిపాయ బస్తాల మధ్య తెల్లచొక్కా మార్చుకుంటాను. దొంగకోళ్ళు పట్టేవాడు కూడా ఇంత జాగ్రత్త పడడు.

అమ్మ మొగుణ్ణి సారా తినేసింది. అంటే మా నాన్నని. ఆవిడ ముందు బార్ అన్న మాట ఎలా ఎత్తేది? సంఘంలో చూస్తే వరదానం గారు ఏటా మద్యపానం మీద ప్రసంగం చేస్తారు. మరి నేనేం చెయ్యను?

కానీ మా బార్ గురించి చెడ్డగా రాయడానికి నాకు చెయ్యి రాదు. మేడ మీద తాటాకు పందిరి, ప్లాస్టిక్ కుర్చీలు, పక్కింటి కొబ్బరిమట్ట ఒకటి ఆరో టేబుల్ మీదకి వాలి ఉంటుంది. బెల్లం మార్కెట్ కలాసీ పక్కనే కాలేజీ లెక్చరర్ కూర్చుంటాడు. ఒక్క గ్లాసు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నా ఎవడూ లేపడు. ఉడకబెట్టిన శెనగలు ఎన్నిసార్లు అడిగినా ఊరికే. బోర్డు మీద 'కాక్‌టెయిల్స్ లభించును' అని ఎర్రరంగుతో రాయించింది పరదేశి గారు, కానీ ఆ మాటకి అర్థం ఉన్నది నా వల్ల.

నేను చేసేది పెద్ద విద్యేం కాదు. మార్కెట్లో నల్లబెల్లం దిమ్మ కొని చితక్కొట్టి, అల్లం వేసి మరిగించి, గుడ్డలో వడగడతాను. అది రెండు చెంచాలు, నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, రమ్ము, పైన సోడా. దానికి జనమే 'శాంతి' అని పేరు పెట్టేశారు. సర్వర్ దేముడు గొంతు ఒకటి మైకులాంటిది, "రెండు శాంతి, ఒక గుడ్డట్టూ!" అని మెయిన్ రోడ్డు దాకా వినిపిస్తాడు. నా పేరు శాంతికుమార్ అయితే మాత్రం ఏమైంది? శాంతి అన్న పేరు ఈ ఊళ్ళో వందమందికి ఉంటుంది, అందులో సగం ఆడవాళ్ళు. ఎవరికి అనుమానం వస్తుంది?

జూలై 10

అన్నం సయించలేదు.

జూలై 11, బుధవారం

దీనా బార్‌కి వచ్చిన రోజు రాయాలి. రాయకపోతే అది జరగలేదని నన్ను నేనే నమ్మించుకునేలా ఉన్నాను.

పోయినేడు డిసెంబరు. క్రిస్మస్‌కి ఇంకా పది రోజులుంది. స్కూలు వదిలాక, నాలుగు గంటలకి, ఇంకా ఒక్క టేబులూ నిండకముందు, స్కూలు చీరతో, చేతిలో మూడో తరగతి పిల్లల నోట్సు పుస్తకాలతో ముందు మెట్లెక్కి వచ్చింది. ముందు మెట్లు! రోడ్డు మీద జనమంతా చూస్తుండగా! దేముడు చేతిలో చీపురు కింద పడేశాడు. నేను కౌంటర్ కింద దాక్కున్నాను. ఆమె వచ్చి కౌంటర్ మీద వేలితో కొట్టింది.

"లే, శాంతీ. నువ్వేనని నాకు తెల్సు."

కొబ్బరిమట్ట కింద ఆరో టేబుల్ దగ్గర కూర్చుంది. రమ్ము లేకుండా ఒక గ్లాసు కలిపి ఇచ్చాను. సగం తాగి మూతి తుడుచుకుని నవ్వింది.

"ఎంత బాగా సేత్తన్నావు! ఇందులో దాసుకోడానికి ఏటుంది?"

"మీ నాన్నగారికి తెలిస్తే?"

"తెలియనీ. మా నాన్నకొకటి, మీ అమ్మకొకటి సెప్పుకుంటా ఎన్నాళ్ళు? చర్చిలో అందరి ముందూ నువ్వే సెప్పు. సెప్పిన రోజు నేను లేచొచ్చి నీ పక్కన నిలబడతాను. బార్లో పన్జేసేవోడితో బతకగలను శాంతీ. రోజూ చొక్కా మార్చుకునేవోడితో బతకలేను."

క్రిస్మస్ తర్వాత చెప్తానన్నాను. తర్వాత ఈస్టర్ అన్నాను. ఈస్టర్‌కి అమ్మకి జ్వరం. నిజంగానే జ్వరం, నేను కల్పించలేదు. ఆ తర్వాత దీనా అడగడం మానేసింది. నేను కూడా, అడగట్లేదు కాబట్టి అర్థం చేసుకుంది అనుకున్నాను. నా మొహం, అర్థం చేసుకుంది.

జూలై 14, శనివారం, పొద్దున్న

నిన్న శుక్రవారం. వరదానం గారు వచ్చే రోజు.

ఆయన శుక్రవారం కుటుంబ ప్రార్థన ముగించుకుని, బైబిలు సంచీ సైకిల్‌కే వదిలేసి, ఆరున్నరకి వెనక మెట్ల మీదుగా వస్తారు. మూడో నెంబరు క్యాబిన్‌లో కూర్చుని తెర లాక్కుంటారు. చెప్పుల చప్పుడు వినగానే నేను కౌంటర్ కిందికి వంగుతాను. "ఒక శాంతి, ఐసు తక్కువ" అని దేముడు మెల్లిగా చెప్తాడు, ఆయన ఒక్కడి ఆర్డరే మెల్లిగా చెప్తాడు. వంగునే కలుపుతాను. ఆయన ఒక్కటే తాగుతారు. నోట్లో సోంపు వేసుకుని వెళ్ళిపోతారు. రెండేళ్ళుగా ఇదే వరస. ఆయన తెర వెనక, నేను చెక్క వెనక. నేనున్నానని పాపం ఆయనకి తెలీదు.

నిన్న వంగున్నప్పుడు అనుకున్నాను, ఇప్పుడు లేచి తెర తీస్తే? "మావయ్యా, మీ అమ్మాయిని నాకివ్వండి" అంటే? కోసిన నిమ్మకాయే మళ్ళీ కోశాను. ఆయన సోంపు నములుతూ మెట్లు దిగిపోయారు.

జూలై 15, ఆదివారం

రెండో ప్రకటన.

ఈసారి దీనా తల తిప్పింది. అయ్యగారు ఆగగానే నేరుగా నా వైపు చూసింది. నేను పాటల పుస్తకంలో పేజీ వెతుక్కున్నాను. పాట అప్పటికే అయిపోయింది.

జూలై 16, సోమవారం

స్కూలు దగ్గర జెరాక్స్ కొట్టు ముందు నిలబడ్డాను. అక్కడికి నేను ఊరికే వెళ్ళాను. ఇంటర్ సర్టిఫికెట్ జెరాక్స్ అవసరం పడొచ్చు కదా, ఎప్పటికైనా.

దీనా తుంపరలో బయటికి వచ్చి, గొడుగు మూసి, నా ఎదురుగా నిలబడింది. మనిషి చిక్కింది. ఆ మాట అనబోయి నోరు మూసుకున్నాను.

"మీ వోళ్ళు బలవంతం పెట్టేరా?" అన్నాను.

"లేదు. నాన్న అడిగేరు, నేను ఊ అన్నాను. ఆషాఢంలో అయితే హాలు తక్కువకొస్తాదని తొందర పడ్డారు. అంతే."

"నన్నొక్క మాట అడగొచ్చు గదా."

ఆమెకి కోపం వచ్చింది. కోపం వస్తే దీనా గొంతు తగ్గుతుంది. "అయ్యగారు మూడుసార్లు అడుగుతారు శాంతీ. నేనొక్కసారే అడిగేను."

నాకు ఏడుపొచ్చింది. కొట్టువాడు చూస్తున్నాడని ఆపుకున్నాను. "ఇంకా ఒకటుంది కదా" అన్నాను.

గొడుగు మొనతో తడినేల మీద గీత గీసింది. "ఉంది" అంది తర్వాత. "వచ్చే ఆదివారం నేను బెంచీకి ఈ చివర కూచుంటాను. నడవ పక్కనే. రావాలంటే ఎవుళ్ళనీ దాటక్కర్లేదు."

ఆ మాట అనేసి గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. నేను తడుస్తూ నిలబడ్డాను. వస్తుంది. దీనా వస్తుంది. నేను బార్ సంగతి చెప్పేస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

జూలై 20, శుక్రవారం, పొద్దున్న

నిన్న సాయంత్రం సురేష్ బాబు వచ్చాడు. పెళ్ళికొడుకు!

నలుగురు స్నేహితులతో ముందు మెట్లెక్కి వచ్చాడు. బట్టతల వస్తోంది, నవ్వు మాత్రం చిన్నపిల్లాడిది. స్నేహితులకి బీర్లు చెప్పి, తను నిమ్మసోడా తెచ్చుకోడానికి స్వయంగా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. కొత్తమొహం కదా, వంగాలని నాకు తోచలేదు.

"మీరే గదండీ శాంతికుమార్ గారు? మీ గ్లాసు గురించి పరవాడ దాకా సెప్పుకుంటారు."

"ఎవరు చెప్పారండి?"

"దీనా గారే. ఒకే చర్చి అట గదా మీది. 'మా ఊళ్ళో శాంతి అని ఉన్నాడు, బెల్లంతో అద్భుతం సేస్తాడు' అన్నారు."

చేతిలో నిమ్మకాయ జారింది. నేను మూడేళ్ళు మింగిన మాట ఆమె కాబోయే మొగుడితో కాఫీ తాగుతూ చెప్పేసింది! ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. తాగుబోతు అయినా బాగుండేది, లేచి అభ్యంతరం చెప్పడానికి ఒక ముక్క దొరికేది. వెధవ నిమ్మసోడా.

"ఒక సాయం సెయ్యాలండి" అన్నాడు. "పెళ్ళికి వచ్చినోళ్ళకి రమ్ము లేకుండా మీ సోడా పెడదామని నా కోరిక. మీరే కలపాలి. కాదనకండి."

"తప్పకుండా" అన్నాను. నా నోట్లోంచే వచ్చింది ఆ మాట. రెండు ఆదివారాలు పెగలని నోరు, దీనికి మాత్రం రెడీగా ఉంది.

జూలై 21, శనివారం

రేపు చర్చిలో చెప్పాలనుకున్న మాట ఇది. 'నేను కంపెనీలో పనిచేయడం లేదండి. మూడేళ్ళ నుంచి పరదేశి గారి బార్లో గ్లాసులు కలుపుతున్నాను.' 

స్టోర్ రూములో ఉల్లిపాయ బస్తాలకి ఇరవైసార్లు చెప్పాను. దేముడు తలుపు దగ్గర నిలబడి విన్నాడట. "బావా, ఇది సెప్పడానికా ఇంత హైరానా?" అన్నాడు. వాడికేం తెలుసు.

అమ్మ ఏడుస్తుంది. వరదానం గారు సంఘంలోంచి వెలివేస్తామంటారు. అననీ. దీనా నడవ దాటి వస్తుంది. రేపు ఈ వేళకి అంతా అయిపోతుంది.

జూలై 22, ఆదివారం

లేచాను.

అయ్యగారు "ఇది మూడవ ప్రకటన" అని, అభ్యంతరం మాట చదివి ఆగగానే లేచాను. బెంచీ కిర్రుమంది. చర్చి అంతా తిరిగి చూసింది. ఆడవాళ్ళ వైపు నడవ చివర దీనా. ఒళ్ళో ఉన్న బైబిలు తీసి పక్కన పెట్టింది. ఒక కాలు నడవలోకి పెట్టింది. గోరింటాకు రంగు చీర. అంతా చూశాను.

"ఏటి నాయనా?" అన్నారు అయ్యగారు.

చెప్పాను. ఒక్క అక్షరం పోకుండా చెప్పాను. 

ఎవరూ ఉలిక్కిపడలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకింది. అయ్యగారు చెయ్యెత్తి ఆపారు కానీ ఆయన మూతి కూడా వంకర తిరుగుతోంది.

"అది మాకు తెల్సు గదా నాయనా. నీ పేరెట్టి గ్లాసు అమ్ముతా ఉంటే ఊళ్ళో తెలీందెవులికి? మా పెద్దల్లో కూడా..." అని ఆగిపోయారు. వరదానం గారు తల వంచుకున్నారు. "సరే, ఇంతకీ అభ్యంతరం ఏటైనా ఉందా? సెప్పు."

నేను పక్కకి చూశాను. అమ్మ చీరకొంగు చూస్తోంది. ఏడవట్లేదు, ఆశ్చర్యపోవట్లేదు. దీనా కాలు ఇంకా నడవలోనే ఉంది. నా వైపే చూస్తోంది. పెదవులు కదిలాయి. అను, అంది.

నా దగ్గర మాట అయిపోయింది. కొండంత అనుకుని మోసుకొచ్చింది బెంచీల కింద దొర్లిపోయి నవ్వులయ్యాక, ఇంక నా దగ్గర ఏమీ లేదు. 'ఆ అమ్మాయి నాకు కావాలి.' నాలుగు మాటలు. అవి ఉల్లిపాయలకి కూడా చెప్పలేదు నేను. అందరూ చూస్తున్నారు, అయ్యగారు దయగా ఎదురుచూస్తున్నారు.

"లేదండి" అన్నాను.

కూర్చున్నాను.

దీనా కాలు వెనక్కి తీసుకుంది. బైబిలు మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

జూలై 23

లేదండి అన్నాను.

జూలై 24

లేదండి అన్నాను. లేదండి అన్నాను, ఛీ.

జూలై 28, శనివారం, పొద్దున్న

నిన్న వరదానం గారు ముందు మెట్ల మీదుగా వచ్చారు. క్యాబిన్‌లో కూర్చుని తెర లాగలేదు. నేను వంగలేదు. గ్లాసు నేనే పట్టుకెళ్ళి పెట్టాను. రెండేళ్ళలో మొదటిసారి.

ఆయన తాగకుండా గ్లాసు తిప్పుతూ అన్నారు.

"ప్రతి శుక్కురవారం అనుకునేవోణ్ణిరా, ఇవాళ లేస్తాడు, వందనాలండి అంటాడు అని. నువ్వు లేసుంటే నేను తెర తీసీవోణ్ణి. ఒకల్నొకలు అడిగీసుకునేవోళ్ళం, అయిపోయేది."

"మీకు తెల్సా మావయ్యా, దీనా సంగతి?"

"ఇంట్లో ఉన్నదాని మొహం తెలీదేటి? మగపిల్లోడు, ఆడే వచ్చి అడగాల గదా అని కూకున్నాను. నాదీ తప్పే." కళ్ళు తుడుచుకున్నారు. "సురేషు మంచోడు. దాన్ని బాగా సూసుకుంటాడు."

మనిద్దరం మూడడుగుల దూరంలో రెండేళ్ళు దాక్కున్నాం అని ఆయనతో అనలేదు. ఐసు తక్కువే వేశాను.

ఆగస్టు 2, గురువారం, సాయంత్రం

పెళ్ళయింది.

మాటిచ్చాను కాబట్టి వెళ్ళాను. ఆరు దిమ్మల బెల్లం మరిగించాను. ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, ఊరందరి ముందూ, తెల్లచొక్కాతో గ్లాసులు కలిపాను. సంఘంలో ముసలమ్మలు రెండేసి గ్లాసులు తాగారు. "ఇంత బాగుంటాదని తెలీక ఇన్నాళ్ళు మొగుళ్ళని తిట్టేం" అని ఒకావిడ అంటే అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరూ వెలివెయ్యలేదు. ఎవరూ ఉమ్మలేదు. ఒకాయనైతే వాళ్ళ కూతురి పెళ్ళికి కూడా నన్నే రమ్మన్నాడు.

దీనా తెల్లచీరలో, ముసుగు వెనక్కి వేసుకుని వచ్చింది. సురేష్ బాబు రెండు గ్లాసులు తీసుకుని ఒకటి ఆమెకిచ్చాడు. మొత్తం తాగింది. ఖాళీ గ్లాసు నా చేతికే ఇచ్చింది.

"బాగుంది శాంతీ" అంది. రాత కుదిరిన పిల్లలకి నోట్సు పుస్తకంలో గుడ్ పెడుతుంది చూడు, ఆ గొంతుతో.

ఆమె కారెక్కేదాకా గ్లాసులు కడుగుతూనే ఉన్నాను. దీనా, నువ్వంటే నాకు ప్రాణం. ఇక్కడ రాయడానికి ఎంత సులువుగా ఉందో.

ఆగస్టు 3, శుక్రవారం, రాత్రి

వాన పట్టింది. చర్చిలో అంతా చెప్పేశాక కూడా అలవాటు పోలేదు, డ్యూటీకి తయారవుదామని నీలం చొక్కా కోసం చిలక్కొయ్య చూశాను. లేదు. ఇల్లంతా వెతికాను. వంటింట్లో అమ్మ అన్నం గిన్నె దించుతోంది. చేతిలో మసిగుడ్డ నీలంగా ఉంది. దాని మీద సగం తెగిన కంపెనీ పేరు.

"చొక్కా..." అన్నాను.

"మూడేళ్ళు ఉతికేను. ఒక్కనాడు మురికి లేదు. నిమ్మకాయ వాసన తప్ప" అంది అమ్మ, గంజి వారుస్తూ. "సంఘంలో కన్నా ముందు నాకే సెప్తావులే అనుకున్నాను."

ఆవిడ తిరిగి నా మొహం చూసి, గిన్నె కింద పెట్టి, కొంగుతో నా బుగ్గలు తుడిచింది. అన్నం పెట్టింది. సగం తిన్నాను.

తెల్లచొక్కా ఇంట్లోనే తొడుక్కుని గుమ్మం దాటుతుంటే వెనక నుంచి కేకేసింది.

"బారుకేనా శాంతీ? గొడుగు అట్టుకెళ్ళు, తడిసిపోతావు."

గొడుగు తీసుకున్నాను.